పాత కార్టూన్లకు రంగులేసే ముందు పెద్దోళ్ళనడగండి

మన బంధువుల మధ్య కొన్నాళ్ళుగా ఒక వాదం నడుస్తా ఉంది. బట్లహళ్ళి ఇంట్లో అటక మీదినుంచి దించిన పాత వారపత్రికల కట్టల్లో రేడియో మీద, ట్రాన్సిస్టర్ మీద, టీవీ మీద వచ్చిన కార్టూన్లు చానా ఉన్నాయి. వాటిని స్కాన్ చేసి, మరకలు తీసి, రంగులేసి అందరికీ పంపుదామని బెంగళూరు పిల్లలంటారు. నలుపు తెలుపులో గీసినదాన్ని అట్లనే ఉండనియ్యండి, రంగులెయ్యడానికి మనమెవరమని పెద్దవాళ్ళు కొందరంటారు. రెండు పక్కలా న్యాయముంది. నా అభిప్రాయం ఇది: శుభ్రం చెయ్యడం అన్నిటికీ చెయ్యాల. రంగు కొన్నిటికే వెయ్యాల. ఆ కొన్నిటికి ఏ రంగు వెయ్యాలో డెబ్భై ఐదేళ్ళు దాటినవాళ్ళను అడిగి వెయ్యాల. అడగడానికి మనకు మిగిలిన టైము ఎక్కువ లేదు, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఈ కార్టూన్లు మనకెందుకు

చింతామణి, బాగేపల్లి, శ్రీనివాసపురం పక్క ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడ. కైవారం తాతయ్య రెండు భాషల్లోనూ పాడిన నేల ఇది, కాబట్టి మనకది వింతగా తోచదు. కానీ తెలుగు చదవడం ఎవరు నేర్పినారు? బడి నేర్పలేదు. ఇంటికి వచ్చే వారపత్రిక నేర్పింది. పక్కింటోళ్ళు చదివి ఇచ్చిన పత్రిక, బస్సులో వచ్చిన బంధువులు చంకన పెట్టుకొచ్చిన పత్రిక నేర్పింది. అచ్చ తెలుగు వినడం మాత్రం రేడియో నేర్పింది. మద్రాసు స్టేషను 1938లో, విజయవాడ 1948లో, కడప 1963లో మొదలయినాయి. పొద్దు మునిగినాక మీడియం వేవ్‌లో దూరపు స్టేషన్లు బాగా అందుతాయి. రాత్రి భోజనాలయినాక ముల్లు తిప్పుకుంటూ తెలుగు ఎక్కడ పలుకుతుందా అని వెతికిన ఇళ్ళు మా పక్క లెక్కలేనన్ని.

కాబట్టి తెలుగు వారపత్రికలో రేడియో మీద వచ్చిన కార్టూను అంటే, మనకు భాష అందించిన రెండు దారులు ఒక చిన్న చతురంలో కలిసినట్టు. పేజీలో మూలన వేలెడంత బొమ్మే అయినా దాన్ని చూస్తే ఒక కాలం ఇల్లు మొత్తం కనబడుతుంది.

ఆ జోకులు వేటి మీదో చూడండి. వాల్వు రేడియో స్విచ్చి వేస్తే వెంటనే పలికేది కాదు. లోపల వాల్వులు కాగడానికి అర నిమిషం పట్టేది, ఆలోపల వార్తలు మొదలయిపోయేవి. గది అడ్డంగా కట్టిన రాగి జాలీ ఏరియల్ మీద బట్టలు ఆరేసే ఇల్లాలు. ఎర్త్ వైరు పాతినచోట నీళ్ళు పోసే ముసలాయన. నెత్తిన ఒక దెబ్బ వేస్తేగాని పలకని పెట్టె. పంచాయతీ రేడియో ముందర పంచాయతీ చేసుకునే పెద్దమనుషులు. పోస్టాఫీసులో ఏడాదికొకసారి కట్టే రేడియో లైసెన్సు, అది కట్టకుండా ఎగ్గొట్టేవాళ్ళు. ఇంట్లో రేడియో పెట్టుకోడానికి సర్కారుకు డబ్బు కట్టాలా అని ఈ కాలం పిల్లలు నోరు తెరుస్తారు. 1980ల నడుమ దాకా కట్టాల్సిందే.

తర్వాత ట్రాన్సిస్టర్ వచ్చింది. తోలు సంచి తొడుక్కుని భుజానికెక్కింది, కపిల దగ్గరికి, చేను గట్టుకు పోయింది, ఆఫీసు బల్ల కింద దూరి క్రికెట్ కామెంటరీ చెప్పింది. ఆ వెనక టీవీ. బెంగళూరు దూరదర్శన్ 1981లో వచ్చింది, రంగు ప్రసారాలు దేశంలో 1982లో మొదలయినాయి. మా ఊళ్ళకు బొమ్మ తెప్పించాలంటే పైపు మీద పైపు ఎక్కించాల. మిద్దె మీద ఒకరు యాంటెనా తిప్పుతా ఉంటే, కింద ఒకరు “వచ్చింది, వచ్చింది... పోయింది!” అని అరుస్తా ఉండాల. ఆ అరుపు మీద కార్టూను వెయ్యని పత్రిక లేదేమో.

ఇది మన ఒక్కరి ముచ్చటా కాదు. అమెరికాలో హ్యూగో గెర్న్స్‌బ్యాక్ 1929లో పెట్టిన రేడియో క్రాఫ్ట్, 1948లో అది పేరు మార్చుకుని అయిన రేడియో ఎలక్ట్రానిక్స్, 1954లో వచ్చిన పాపులర్ ఎలక్ట్రానిక్స్ లాంటి పత్రికలు సర్క్యూట్ల మధ్యన కార్టూన్లు వేసేవి. టీవీ రిపేరుకొచ్చిన మనిషి, వానికి సలహాలిచ్చే ఇంటాయన, అక్కడా ఇవే పాత్రలు. ఆ బొమ్మలను ఇప్పుడు శుభ్రం చేసి రంగులేసుకుని సంబరపడేవాళ్ళు అక్కడున్నారు. తేడా ఏమంటే, అవి పనివాళ్ళు చదివే పత్రికలు. మనవి ఇంటిల్లిపాదీ చదివే వారపత్రికలు. కాబట్టి మన బొమ్మల్లో రేడియో కన్నా రేడియో చుట్టూ ఉన్న అత్తా, కోడలూ, మామా, అద్దెకున్నవాళ్ళూ ఎక్కువ కనబడతారు.

తెలుగులో కార్టూనుకు ఆద్యుడు తలిశెట్టి రామారావు. ఆయన పుట్టిన మే 20ని తెలుగు కార్టూనిస్టులు తమ దినంగా జరుపుకుంటారు. తర్వాత ఆంధ్రపత్రికలో బాపు వచ్చి గీతకే ఒక తెలుగుతనం తెచ్చినారు. మన రాష్ట్రంలోనే కన్నడంలో డాక్టర్ ఎం. శివరాం, అంటే రాశి, 1942లో కొరవంజి పెట్టి పాతికేళ్ళు నడిపినారు. ఆర్.కె. లక్ష్మణ్ తొలినాళ్ళ బొమ్మలు అందులో వచ్చినాయి. రెండు భాషల నవ్వూ చదువుకుని పెరిగిన ఇండ్లు మనవి. ఆ కట్టలు ఎలుకల పాలు కాకముందే ఏదో ఒకటి చెయ్యాల, ఇందులో మనకెవరికీ తేడా లేదు.

శుభ్రం చెయ్యడం గురించి

పాత వారపత్రికలది న్యూస్‌ప్రింట్ కాగితం. కొయ్యగుజ్జుతో చేసిన ఆ కాగితంలో లిగ్నిన్ ఉంటుంది, గాలీ వెలుతురూ తగిలేకొద్దీ పసుపు తిరిగి పెళుసవుతుంది. మడత దగ్గర పట్టుకుంటే పొడి రాలుతుంది. కాబట్టి ముందు స్కాన్, తర్వాతే మిగతా మాటలు. ఫోనుతో ఫొటో తీస్తే పత్రిక నడుమ వంపు దగ్గర బొమ్మ సాగిపోతుంది. ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద 600 డీపీఐలో, రంగు మోడ్‌లోనే తియ్యండి. బొమ్మ నలుపు తెలుపే కదా అని నలుపు తెలుపు మోడ్ పెడితే సన్న గీతలు విరిగిపోతాయి, మరకకూ సిరాకూ తేడా పోతుంది. రంగులో తీస్తే కాగితం పసుపు వేరు, సిరా నలుపు వేరని కంప్యూటర్‌కు చెప్పొచ్చు.

పల్చటి కాగితంలో వెనక పేజీ అచ్చు ఇటు కనబడుతుంది. స్కానర్ మూత కింద, కాగితం వెనక ఒక నల్ల అట్ట పెట్టండి, సగానికి సగం పోతుంది. స్కాన్ చేసిన అసలు ఫైలును టిఫ్ గా దాచి, దాన్ని ఇంగ ఎవరూ ముట్టకూడదు. పని అంతా నకలు మీదే. ప్రెస్ అకాడమీ వాళ్ళు ఎన్నో పాత తెలుగు పత్రికలను ఇంటర్నెట్‌లోకి ఎక్కించి పుణ్యం కట్టుకున్నారు, కానీ అవి చదువుకోడానికి చేసిన స్కాన్లు. మన దగ్గర కాగితమే ఉన్నప్పుడు కాగితంతోనే మొదలుపెట్టాల.

మరక తీసేటప్పుడు ఒక జాగ్రత్త. ఆ రోజుల్లో కార్టూన్లు జింకు బ్లాకులు చేసి అచ్చేసేవాళ్ళు. బ్లాకు అరిగినచోట గీత కొంచెం చిట్లి ఉంటుంది, సిరా ఎక్కువైనచోట ఉబ్బి ఉంటుంది. అవన్నీ మరకలు కావు, అచ్చు గుర్తులు. వాటిని కూడా నున్నగా చేసేస్తే ఆ బొమ్మ నిన్న ఫోనులో గీసినట్టుంటుంది. చెద తిన్న చోటు పూడ్చండి, టీ కప్పు మరక తియ్యండి, గీతను మాత్రం దిద్దకండి.

ఇంగ రంగు సంగతి

రంగు వద్దనేవాళ్ళు చెప్పే మాట: గీసినాయన రంగు లేకుండా ఆలోచించి గీసినాడు. రంగు కావాలనేవాళ్ళు వెంటనే మాయాబజార్ ను తెస్తారు. 1957 సినిమాకు హైదరాబాదు గోల్డ్‌స్టోన్ వాళ్ళు రంగులద్ది 2010లో విడుదల చేసినారు, పిల్లాజెల్లా చూసినారు కదా అంటారు. ఆ సినిమా ఈ వాదానికి ఇంకో రకంగా కూడా దగ్గర. అందులో ప్రియదర్శిని పెట్టె ఉంది. తలుచుకున్న మనిషి అందులో కనబడి మాట్లాడతాడు. మన దేశంలో టీవీ 1959 సెప్టెంబరులో ఢిల్లీలో మొదలయింది, అంటే టీవీ రాకముందే తెలుగువాళ్ళు టీవీ మీద ఒక చమత్కారం చేసి నవ్వుకున్నారు. మన కార్టూన్లకు అది పెద్దక్క లాంటిది.

కానీ మాయాబజార్ పోలిక ఇక్కడ చెల్లదు. మార్కస్ బార్ట్‌లీ ఫిల్ములో తెలుపు నుంచి నలుపు దాకా ఎన్నో బూడిద ఛాయలున్నాయి. ఏది లేత, ఏది ముదురు అనేది ఆ ఛాయలే చెబుతాయి. రంగులద్దేవాళ్ళకు సగం దారి అవే చూపిస్తాయి. గీత కార్టూనులో అదేమీ లేదు. ఉన్నది నల్ల గీత, మిగిలింది తెల్ల కాగితం. ఆ తెలుపు గోడ కావచ్చు, పంచె కావచ్చు, ఆకాశం కావచ్చు. అక్కడ కంప్యూటర్ వేసే ప్రతి రంగూ ఊహే. అది ఎవరి ఊహ అన్నదే అసలు ప్రశ్న.

ఇప్పటి ఏఐ పనిముట్లకు బొమ్మ ఇచ్చి రంగెయ్యమంటే పది సెకన్లలో వేస్తాయి. రేడియోకు ఏదో విదేశీ ఎరుపు వేస్తాయి, పంచె అంచుకు నీలం వేస్తాయి, ముసలాయన మూతి కొంచెం సర్ది నవ్వించేస్తాయి. ఆయన నవ్వకపోవడమే జోకని వాటికేం తెలుసు? ఇంకా ఘోరం, కింద ఉన్న తెలుగు అక్షరాలను అక్షరాల్లాగా కనబడే గీతలుగా మార్చేస్తాయి. బాపు చేతిరాత తర్వాత కంప్యూటర్ ఫాంటు అయిందంటే ఆ రాతకెంత విలువో ఆలోచించండి. కార్టూనులో రాత కూడా బొమ్మే.

మా కాలంలో కూడా ఇట్లాంటి రంగు ఒకటుండేది, పెద్దోళ్ళకు గుర్తుంటుంది. నలుపు తెలుపు టీవీ ముందర తగిలించే ప్లాస్టిక్ రేకు. పైన నీలం, కింద పచ్చ, నడుమ ఏదో ఎరుపు చాయ. మైదానం చూపిస్తే పైన ఆకాశం, కింద గడ్డి, సరిపోయేది. వార్తలు చదివే ఆమె వస్తే నుదురు నీలం, గడ్డం పచ్చ. అయినా కలర్ టీవీ అని పిలుచుకున్నాం. అడక్కుండా వేసిన రంగు అట్లనే ఉంటుంది. యాడైనా ఒకచోట కుదురుతుంది, అంతే.

రంగుకు అర్థమున్న చోటు

మిగతా కార్టూన్ల సంగతి ఎట్లున్నా, ఎలక్ట్రానిక్స్ కార్టూన్లలో రంగు వట్టి అలంకారం కాదు. రెసిస్టర్ మీది పట్టీలు చూడండి. నలుపు సున్నా, గోధుమ ఒకటి, ఎరుపు రెండు, నారింజ మూడు, పసుపు నాలుగు, పచ్చ ఐదు, నీలం ఆరు, ఊదా ఏడు, బూడిద ఎనిమిది, తెలుపు తొమ్మిది. పసుపు, ఊదా, ఎరుపు పట్టీలుంటే నాలుగు, ఏడు, వెనక రెండు సున్నాలు, 4,700 ఓములు. రేడియో రిపేరు నేర్చుకున్న ప్రతి పిల్లోడూ ఇది ఎక్కాల్లాగా అప్పజెప్పేవాడు. బొమ్మలో మెకానిక్ చేతిలో ఉన్న రెసిస్టర్‌కు గులాబీ పట్టీ వేసినారనుకోండి, తెలిసినవాడు నవ్వుతాడు, కానీ జోకుకు కాదు.

పెద్ద వాల్వు రేడియోలకు డయలు పక్కన ఒక పచ్చ కన్ను ఉండేది. స్టేషను సరిగ్గా పడితే ఆ పచ్చ వెలుగు దగ్గరికి మూసుకునేది. అది పచ్చే, నీలం కాదు. వాల్వు లోపల మండే తీగ నారింజ. డయలు వెనక దీపం తేనె రంగు. బేకలైట్ పెట్టె ముదురు చింతపండు రంగు. పాత వైరింగులో ఎరుపు, నలుపు, ఎర్త్‌కు పచ్చ. ఇవన్నీ పుస్తకం చూసి వెయ్యొచ్చు. కానీ మన ఇంటి రేడియో మీద కప్పిన గుడ్డ ఏ రంగు? పీఠం కింద పరిచిన కాగితం ఏది? కల్యాణాలకు మైకు సెట్టు తెచ్చే ఆయన బాకాకు ఏ రంగు పూసేవాడు? పుస్తకం చెప్పదు. మా పెద్దత్త చెబుతుంది. అడిగితే రంగు ఒక్కటే చెప్పి ఊరుకోదు, ఆ గుడ్డకు అంచు ఎవరు కుట్టినారో, రేడియో ఎవరి పెండ్లికి వచ్చిందో, దాని కోసం ఏమి అమ్మినారో కూడా చెబుతుంది.

రంగులెయ్యడం వల్ల మనకు నిజంగా లాభం ఇక్కడుంది. “నీ చిన్నప్పటి సంగతులు చెప్పు” అని అడిగితే పెద్దోళ్ళు “ఏముందిలే” అంటారు. ఒక బొమ్మ చేతికిచ్చి “ఈ రేడియోకు ఏ రంగెయ్యాల?” అని అడిగి చూడండి. గంట మాట్లాడతారు. ఆ మాట్లాడిందాన్ని ఫోనులో రికార్డు చేసి బొమ్మ పక్కన పెడితే, అదీ మన ఇంటి చరిత్ర.

పాటించాల్సినవి

ఒకటి, ప్రతి రంగు బొమ్మ పక్కన శుభ్రం చేసిన నలుపు తెలుపు బొమ్మ ఉండాల. రంగు వేరే పొరలో, గీత కింద ఉండాల, ఎప్పుడు కావాలన్నా తీసెయ్యగలిగేట్టు. కింద “రంగు తర్వాత వేసింది” అని తెలుగులో రాసి, ఎవరు వేసినారో, ఎవరు చెబితే వేసినారో పెట్టాల.

రెండు, గీసినవారి సంతకం, పత్రిక పేరు, సంచిక తేదీ కత్తిరించకూడదు. మన పిల్లలు బొమ్మ ఒక్కటే కత్తిరించి స్టేటస్ పెట్టేస్తారు. రెండు రోజులకు అది ఎవరిదో ఎవరికీ తెలియని బొమ్మయి తిరుగుతుంది.

మూడు, హక్కుల సంగతి. 1957 కాపీరైటు చట్టం ప్రకారం గీసినవారి జీవితకాలం, ఆపైన అరవై ఏళ్ళు హక్కు ఉంటుంది. 1947లో పోయిన తలిశెట్టి రామారావు బొమ్మలు ఇప్పుడు అందరివీ. 2014లో పోయిన బాపు బొమ్మల మీద 2074 దాకా హక్కుంటుంది. ఎవరు గీసినారో పేరే లేని బొమ్మకు అచ్చయిన ఏడాది దాటి అరవై ఏళ్ళు, మధ్యలో పేరు బయటపడితే లెక్క మారుతుంది. ఇంట్లో చూసుకోడానికి రంగేసుకోవడం వేరు, నలుగురికీ పంచడం వేరు. పైగా అదే చట్టం 57వ సెక్షన్‌లో, తన పనిని పాడుచేసి పరువు తీస్తే అడిగే హక్కు గీసినవారికి ఉంది. చట్టం సరే, మర్యాద కూడా ఒకటుంది. హక్కున్న బొమ్మలను శుభ్రం చేసి దాచుకుందాం, రంగులేసి ఊరంతా తిప్పొద్దు. బాపు గీతకు మన రంగు అవసరం ఎప్పుడూ పడలేదు.

నాలుగు, ఇదే నాకు అన్నిటికన్నా ముఖ్యం, కింది మాట. రంగేస్తే పిల్లలు చూస్తారు, ఒప్పుకుంటాను. చూసి, కింద ఉన్న తెలుగు చదవలేక పక్కకు తోసేస్తే మనం సాధించిందేమి? కన్నడ చదివే పిల్లలకు తెలుగు లిపి దూరమేం కాదు. రెండూ ఒకే తల్లి బిడ్డలు, సగానికి పైగా అక్షరాలు చూడగానే పోల్చుకోవచ్చు. తలకట్టు తేడా, త, శ, క లాంటి కొన్ని అక్షరాలు పట్టుకుంటే కొన్ని వారాల పని. కాబట్టి తెలుగు మాటను తీసెయ్యకుండా, దాని కిందే అదే తెలుగు మాటను కన్నడ లిపిలో రాద్దాం. అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న మన పిల్లలకు పెద్దోళ్ళు చదివిన గొంతు పెడదాం. అనువాదం మాత్రం వద్దు. “నెత్తిన ఒకటి వేస్తేగాని పలకదు” అనే మాట రేడియోకూ, మొగుడికీ ఒకేసారి తగలాలంటే తెలుగులోనే తగలాల.

లెక్క వేసి చూసుకుంటే పని పెద్దదేం కాదు. వందో రెండొందలో బొమ్మలు శుభ్రం చెయ్యాల, వాటిలో పాతిక ముప్పైకి రంగెయ్యాల. పెద్ద పని కూర్చుని అడగడం. వాల్వు రేడియో కాగేదాకా దాని ముందు కాచుక్కూర్చున్నవాళ్ళు మన బంధువుల్లో ఇంగ వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే ఉన్నారు. ఉగాదికి ఊరికొచ్చేవాళ్ళు నాలుగు బొమ్మలు పెద్ద కాగితాల మీద ప్రింటు తీసుకుని, ఒక డబ్బా రంగు పెన్సిళ్ళు తెచ్చుకోండి. రంగు పెన్సిల్ ముందు అవ్వల చేతికివ్వండి.